ఒకే బొమ్మ, రెండు భాషలు: మన రాయచూరు సీమలో మల్టీమీడియా కథ



కాస్త పెద్ద వ్యాసమే. తీరిక చేసుకుని చదవండి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే చదివి వినిపించండి, ఎందుకంటే ఇందులో సగం కథ వాళ్ళ కాలానిదే.

"మల్టీమీడియా" అనే మాట ఈ మధ్య మన పిల్లల నోట తరచుగా వినిపిస్తోంది. డిగ్రీలో అదొక కోర్సు, ఫోను పెట్టె మీద అదొక గుణం, పెళ్ళి వీడియోలు తీసే కుర్రాడి బోర్డు మీద అదొక పేరు. మన పెద్దల్లో చాలామంది "అదేదో కంప్యూటరు చదివినవాళ్ళ గొడవ" అని పక్కన పెట్టేస్తారు. కానీ అరకేర, దేవదుర్గ చుట్టుపక్కల ఊళ్ళలోనూ క్యాంపుల్లోనూ ఉన్న మనకు ఆ మాటతో సంబంధం కొత్తది కాదు. బెంగళూరులో దూరదర్శన్ ప్రసారాలు మొదలుకాకముందే మన రాయచూరు జిల్లా పల్లెల్లో టీవీ ఆడింది. అదీ ఆకాశంలోని ఉపగ్రహం నుంచి నేరుగా! ఆ సంగతి చెప్పే ముందు అసలు ఈ మాటకు అర్థమేమిటో చూద్దాం.

మాట వెనక ఉన్నది

రాసిన అక్షరం ఒక మాధ్యమం. బొమ్మ ఒకటి. గొంతు, సంగీతం, కదిలే బొమ్మ ఇవన్నీ వేరువేరు మాధ్యమాలు. వీటిలో రెండు మూడింటిని కలిపి, ఒకదానికొకటి సాయపడేలా అమర్చి ఒక విషయం చెబితే అదే మల్టీమీడియా. పత్రికలో వార్త చదివితే అది అక్షరం. రేడియోలో వింటే శబ్దం. అదే వార్తను ఫోనులో బొమ్మతో, గొంతుతో, కింద అక్షరాలతో చూస్తే మల్టీమీడియా. ఈనాటి వాడుకలో దీనికి ఇంకో గుణం కూడా కలిసింది: మనం వేలితో తాకి ఆపవచ్చు, వెనక్కి తిప్పవచ్చు, తిరిగి జవాబు పంపవచ్చు.

ఇంగ్లీషులో ఈ మాట 1960లలో వాడుకలోకి వచ్చింది. అప్పట్లో వెలుగులు, సంగీతం, తెరబొమ్మలు కలిపి వేదికల మీద చేసే ప్రదర్శనలకు అలా పేరు పెట్టారు. కంప్యూటర్లు ఇళ్ళలోకి వచ్చాక అర్థం అటు మళ్ళింది. 1995లో జర్మనీలో ఆ ఏటి మాటగా ఎంపికైంది ఇదే. మాట వయసు అరవై ఏళ్ళయితే, పని వయసు అంతకంటే చాలా ఎక్కువ.

తోలుబొమ్మల నుంచే మొదలు

తోలుబొమ్మలాట గుర్తుందా? తెల్లటి పంచె తెర, వెనక దీపం, రంగులద్దిన తోలుబొమ్మ, ఆడించేవాడి గొంతు, మద్దెల, తాళాలు, మధ్యలో నవ్వించడానికి జుట్టుపోలిగాడు, బంగారక్క. బొమ్మ, వెలుగు, కదలిక, మాట, పాట అన్నీ ఒకే తెర మీద. కన్నడంలో దీన్నే తొగలు గొంబెయాట అంటారు. సరిహద్దుకు ఇటూ అటూ ఒకే రామాయణం, ఒకే భారతం రెండు భాషల్లో ఆడాయి.

ఇందులో మనం గమనించవలసిన విషయం ఒకటుంది. అనంతపురం సీమలో నిమ్మలకుంట వంటి ఊళ్ళలో ఈ కళ పట్టుకుని ఉన్న కుటుంబాల్లో చాలామంది ఇంటిభాష మరాఠీ యాస. తెర ముందు కథ చెప్పేది మాత్రం తెలుగులో. ఇంట్లో ఒక భాష, లోకానికి ఒక భాష, చేతిలో ఉన్న బొమ్మ ఒక్కటే. ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో కన్నడం చదివే మన పిల్లల స్థితి ఇంతకంటే వేరా?

తెలంగాణలో చేర్యాల నకాషీ కళాకారులు గుడ్డ మీద కథను వరుస బొమ్మలుగా వేసేవారు. కథకులు ఆ పటాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ, పాడుతూ చెప్పేవారు. బుర్రకథలో మధ్యలో తంబురా పట్టిన కథకుడు, ఇటు అటు డక్కీలు వాయించే వంతలు. ఒక వంత హాస్యం చెబితే ఇంకో వంత నాటి రాజకీయం చెప్పేవాడు. 1940లలో ప్రజానాట్యమండలి ఈ పాత కళనే తీసుకుని కొత్త సంగతులు చెప్పింది. షేక్ నాజర్ పేరు వినని పాతతరం తెలుగువాళ్ళు ఉండరు. అంటే కొత్త కబురు చెప్పడానికి పాత సాధనాన్ని వాడుకోవడం మనకు ముందు నుంచీ తెలిసిన విద్యే.

గొంతు ముందొచ్చింది, బొమ్మ తర్వాత వచ్చింది

1956 నవంబరు 1 దాకా మన రాయచూరు హైదరాబాదు రాష్ట్రంలో భాగం. ఆ రాజ్యంలో 1930లలోనే హైదరాబాదు నగరం నుంచి దక్కన్ రేడియో పలికింది. నిజాం ప్రభుత్వం నడిపిన ఆ రేడియోలో ఉర్దూదే పెద్దపీట. అయినా రాజ్యంలోని మిగతా భాషలైన తెలుగు, కన్నడం, మరాఠీలకూ కొంత చోటు దొరికింది. 1950లో అది ఆకాశవాణిలో కలిసింది. తర్వాత పంచాయతీ రేడియోలు, వాటి లౌడ్‌స్పీకర్లు వచ్చాయి. తుంగభద్ర డ్యాము నీళ్ళు 1953లో పారడం మొదలయ్యాక కోస్తా జిల్లాల నుంచి సింధనూరు, మాన్వి, గంగావతి వైపు వచ్చి క్యాంపులు వేసుకున్న మన పెద్దలకు సొంతభాష గొంతు వినిపించింది చాలావరకు ఆ పెట్టెల్లోనే. తర్వాత నారాయణపుర కుడికాలువ దేవదుర్గ వైపు భూములకు నీళ్ళు తెచ్చింది. కాలువ వెంట మనుషులు, మనుషుల వెంట రేడియోలు.

బొమ్మ సంగతికొస్తే టూరింగ్ టాకీసులు ఉండేవి. తెలుగులో మొదటి టాకీ "భక్త ప్రహ్లాద" 1932లో విడుదలైంది, కన్నడంలో "సతీ సులోచన" 1934లో. కానీ సినిమా వినోదం. పొలం గురించి, పసిపిల్లల జబ్బుల గురించి బొమ్మలతో చెప్పేవాళ్ళు పల్లెకు వచ్చింది అరుదు. సమాచార శాఖ వ్యాను ఎప్పుడో ఒకసారి వచ్చి తెరకట్టి డాక్యుమెంటరీ వేసి వెళ్ళిపోయేది.

1975 ఆగస్టు 1: ఆకాశం నుంచి టీవీ

ఇప్పుడు అసలు కథ.

అంతరిక్ష శాస్త్రవేత్త విక్రమ్ సారాభాయ్ 1960లలోనే ఒక మాట పట్టుకున్నారు. టీవీ నగరాల్లో మొదలై నెమ్మదిగా పల్లెలకు పాకడం కాదు, ముందు పల్లెకే చేరాలి, అందుకు ఉపగ్రహం దారి అని. 1969లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసాతో భారత అణుశక్తి శాఖ ఒప్పందం చేసుకుంది. సారాభాయ్ 1971 డిసెంబరులో కన్నుమూశారు, తన కల నిజమవడం చూడలేదు. నాసా 1974 మే 30న ఏటీఎస్-6 అనే ఉపగ్రహాన్ని పంపింది. మరుసటి ఏడాది దాన్ని ఆఫ్రికా తూర్పు భాగం పైకి, మన దేశానికి కనబడే చోటికి జరిపారు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా సరిగ్గా ఒక ఏడాది మన దేశానికి వాడుకోనిచ్చారు. ఈ ప్రయోగానికి "సైట్" అని పేరు. ఉపగ్రహం ద్వారా బోధనా టీవీ ప్రయోగం అని అర్థం.

ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలను ఎంచుకున్నారు. రాజస్థాన్, బీహార్, మధ్యప్రదేశ్, ఒడిశా, ఆంధ్రప్రదేశ్, కర్ణాటక. కర్ణాటకలో ఎంచుకున్న జిల్లాలు బిజాపూర్, గుల్బర్గా, మన రాయచూరు. ఆంధ్రప్రదేశ్‌లో మహబూబ్‌నగర్, కర్నూలు వంటివి, అంటే మన పక్క జిల్లాలే. వెనకబడిన జిల్లాలని ఎంచుకున్నారు. వెనకబాటు వల్ల మనకు ముందు దక్కినవి చాలా తక్కువ, వాటిలో ఇదొకటి!

పనిచేసిన తీరు తెలుసుకుంటే ఆశ్చర్యం వేస్తుంది. అంతకుముందు ఉపగ్రహాల నుంచి వచ్చే సంకేతం చాలా బలహీనంగా ఉండేది. దాన్ని పట్టడానికి నేల మీద పెద్ద పెద్ద యాంటెనాలు కావాలి. ఏటీఎస్-6కు ఆకాశంలో గొడుగులా విచ్చుకునే 30 అడుగుల యాంటెనా ఉంది. అది సంకేతాన్ని చెదరనివ్వకుండా ఒకచోటికి గురిపెట్టి పంపేది. అందువల్ల ఊళ్ళో 10 అడుగుల వెడల్పున్న వల గిన్నె చాలు. ఆ వల కూడా కోళ్ళగూళ్ళకు వాడే తీగ వలే. టీవీ సెట్లు తయారుచేసింది హైదరాబాదులోని ఈసీఐఎల్. కరెంటు లేని కొన్ని ఊళ్ళలో బ్యాటరీలతో నడిపారు. సెట్టు పెట్టింది ఎవరింట్లోనో కాదు, బడిలోనో పంచాయతీ ఆఫీసులోనో. కులం, వయసు చూడకుండా ఊరంతా ఒక్కచోట చేరి చూడాలన్నది ఉద్దేశం. ఆచరణలో ఎవరు ముందు కూర్చున్నారు, ఎవరు వెనక నిలబడ్డారు అన్నది ఊరిని బట్టి ఉంటుంది, అది మనకు తెలియనిదేం కాదు.

రోజుకు నాలుగు గంటలు ప్రసారం. ఉదయం గంటన్నర బడిపిల్లలకు, సాయంత్రం రెండున్నర గంటలు పెద్దలకు. వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ, కొంత పాటలూ ఆటలూ. హిందీ, ఒడియా, తెలుగు, కన్నడం అనే నాలుగు భాషల్లో. కార్యక్రమాలు ఆకాశవాణి తయారుచేసేది. అందుకు ఢిల్లీ, కటక్, హైదరాబాదుల్లో కేంద్రాలు పెట్టారు. తెలుగు, కన్నడ కార్యక్రమాల పని జరిగింది హైదరాబాదులో.

ఈ వ్యాసానికి పేరు వచ్చింది ఇక్కడి నుంచే. ఆ ఉపగ్రహం ఒక బొమ్మతోపాటు రెండు శబ్దాల దారులను మోసేది. అంటే ఒకే బొమ్మకు ఒక దారిలో తెలుగు, ఇంకో దారిలో కన్నడం జోడించే వీలుంది. బొమ్మలో కనిపించే వేరుశనగ చేను ఒక్కటే, రైతు ఒక్కడే. కర్నూలు వైపు పల్లెకు ఒక భాషలో, రాయచూరు వైపు పల్లెకు ఇంకో భాషలో చెప్పవచ్చు. ఒకదాన్ని తీసేసి ఇంకోదాన్ని పెట్టడం కాదు, రెండూ ఒకేసారి పక్కపక్కన. రెండు భాషల మధ్య బతికే మనలాంటివాళ్ళకు ఇంతకంటే మంచి ఉపమానం నాకు తట్టలేదు.

గురువులకు పన్నెండు రోజుల పాఠం

సైట్‌లో జనం అంతగా చెప్పుకోని భాగం ఒకటుంది. ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులకు సైన్సు ఎలా చెప్పాలో నేర్పడానికి ఒక శిక్షణ పెట్టారు. టీవీ పాఠం, రేడియో పాఠం, అచ్చువేసిన పుస్తకం, చుట్టుపక్కల దొరికే వస్తువులతో చేసే ప్రయోగాలు, చివర అందరూ కూర్చుని చర్చ. 12 రోజులు. ఎన్‌సీఈఆర్‌టీ తయారుచేసిన ఈ కట్టకు అప్పుడే "మల్టీమీడియా ప్యాకేజీ" అని పేరు పెట్టారు. రెండు విడతల్లో కలిపి సుమారు 50 వేల మంది ఉపాధ్యాయులు ఈ శిక్షణ పొందారు.

అంటే సీడీ రాకముందే, ఇంటికి కంప్యూటరు రాకముందే, మన దేశంలో పల్లెబడి పంతుళ్ళ కోసం ఈ మాట వాడారు. అందులోని తెలివి గమనించండి. టీవీ ఒక్కటే అన్నీ చేస్తుందని వాళ్ళు అనుకోలేదు. కళ్ళకు చూపించవలసింది టీవీలో, విని ఆలోచించవలసింది రేడియోలో, మళ్ళీ మళ్ళీ చూసుకోవలసింది పుస్తకంలో, చేత్తో చేయవలసింది చేతితో, సందేహాలు మనిషితో. దేనికి ఏది సరిపోతుందో దానికే వాడడం. మల్టీమీడియాకు ఇంతకంటే మంచి పరిచయ పాఠం ఈనాటి కోర్సుల్లోనూ ఉండదు.

ఉపగ్రహం వెళ్ళిపోయింది

1976 జులై 31తో గడువు తీరింది. నాసా ఉపగ్రహాన్ని వెనక్కి జరుపుకుంది. ఒక ఏడాది పాటు బొమ్మ ఆడిన సెట్లకు ఆకాశం నుంచి సంకేతం ఆగిపోయింది. పాడైపోయి కాదు, పంపేవాడు పంపడం ఆపాడు, అంతే.

ప్రభుత్వం ఊరికే కూర్చోలేదు. సైట్ ప్రాంతాల్లో కొన్నిచోట్ల నేల మీద ట్రాన్స్‌మిటర్లు పెట్టి ప్రసారాలు కొనసాగించింది. అలా 1977లో గుల్బర్గాకు, అదే ఏడాది హైదరాబాదుకు దూరదర్శన్ వచ్చింది. బెంగళూరుకు వచ్చింది 1981లో. ఈ ప్రయోగంలో నేర్చుకున్న పాఠాలతోనే మన దేశం సొంతంగా ఇన్సాట్ ఉపగ్రహాలకు దారి వేసుకుంది. కానీ ట్రాన్స్‌మిటర్ అందని దూరపు పల్లెల సంగతేమిటి? వాళ్ళకు టీవీ మళ్ళీ వచ్చింది ఎన్నో ఏళ్ళ తర్వాత.

ఈ సంగతి మనం మరచిపోకూడదు. ఎవరో పంపితే చూసేవాళ్ళంగా ఉన్నంతకాలం, వాళ్ళు ఆపిన రోజున మన తెర ఖాళీ.

పెట్టె నుంచి జేబులోకి

తర్వాతి కథ మీ అందరి కళ్ళముందే జరిగింది కనుక చిన్నగా చెబుతాను. 1990లలో బొమ్మను, శబ్దాన్ని, వీడియోను అంకెలుగా మార్చి, కుదించి దాచే పద్ధతులు స్థిరపడ్డాయి. జేపెగ్, ఎంపీత్రీ వంటి పేర్లు ఆ కుదింపు పద్ధతులవే. మన కంటికి, చెవికి పెద్దగా తేడా తెలియని భాగాలను వదిలేసి మిగిలింది దాస్తాయి. అందుకే గంటల కొద్దీ పాటలు ఒక చిన్న బిళ్ళలో ఇమిడాయి. సీడీ డ్రైవు, స్పీకర్లు ఉన్న కంప్యూటరును "మల్టీమీడియా కంప్యూటర్" అని ప్రత్యేకంగా చెప్పి అమ్మేవారు. తర్వాత కెమెరా ఫోన్లు, 2005లో యూట్యూబ్, 2009లో వాట్సాప్, 2016లో జియోతో చవకైన ఇంటర్నెట్. ఇప్పుడు ఆ పేరు ఎవరూ విడిగా చెప్పరు, ఎందుకంటే అది లేని ఫోనే అరుదు.

మన రోజువారీ పనుల్లో ఎక్కడెక్కడ ఉందో చూడండి. పత్తి ఆకు మీద మచ్చ కనబడితే ఫోటో తీసి మందుల షాపతనికి పంపి, "రెండు రోజుల నుంచి ఇలా ఉందన్నా" అని గొంతు కలుపుతాం. బడి పుస్తకం మీద నలుపు తెలుపు గళ్ళ ముద్రను ఫోనుకు చూపిస్తే పాఠం వీడియో తెరుచుకుంటుంది. పెళ్ళి పిలుపు వీడియోగా వస్తోంది. చదువురాని అవ్వ హైదరాబాదులో ఉన్న మనవడికి వాయిస్ మెసేజ్ పెడుతోంది. అక్షరం రాని మనిషికి ఉత్తరం రాసిపెట్టే ఇంకో మనిషి అవసరం తీరింది. నా లెక్కలో అన్నిటికంటే పెద్ద మార్పు అదే.

మరి మనం పోగొట్టుకుంటున్నదేమిటి?

క్యాంపుల్లో మూడో తరం పిల్లలు తెలుగు బాగా మాట్లాడతారు. చదవడం మాత్రం చాలామందికి రాదు. బడిలో కన్నడం, ఇంగ్లీషు. దాన్ని తప్పుపట్టను. ఉన్న నేల భాష నేర్చుకోవాలి, ఆ భాషలో రాణించాలి. కానీ వాళ్ళ ముత్తాతలు ఏ ఊరి నుంచి వచ్చారు, ఎద్దుబండి మీద వచ్చారా రైల్లో వచ్చారా, నల్లరేగడిలో మొదటి పంట ఎలా తీశారు, ఇక్కడి కన్నడ పొరుగువాళ్ళు ఎలా సాయపడ్డారు, ఎక్కడ గొడవలయ్యాయి, ఇవన్నీ పుస్తకాల్లో లేవు. ఎనభై దాటిన కొద్దిమంది గొంతుల్లో ఉన్నాయి. రాసిపెట్టినా పిల్లలు చదవలేరు. గొంతుగా ఉంటే వింటారు. అందుకే మనకు మల్టీమీడియా సరదా కాదు, అవసరం.

చేతిలో సాధనం ఉంది. అయినా వాడుతున్న తీరు వల్ల నష్టం జరుగుతోంది. పాత ఫోటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది దాన్ని కుదించి పంపుతుంది. పది చేతులు మారేసరికి ముఖాలు మసకబారతాయి. ఫోటోతో పాటు పేర్లు, ఊరు, సంవత్సరం రాయం. పదేళ్ళయ్యాక "ఎడమ నుంచి మూడో ఆయన ఎవరు" అంటే చెప్పేవారుండరు. ఫోను పోతే అన్నీ పోతాయి. పైగా ఇప్పుడు ఎవరి గొంతునైనా, ముఖాన్నైనా యంత్రంతో పుట్టించవచ్చు. అసలుది ఏదో తెలియాలంటే ఎవరు, ఎప్పుడు, ఎక్కడ రికార్డు చేశారో రాసి ఉండాలి.

అందుకని సంఘం ముందు నాలుగు మాటలు పెడుతున్నాను.

1. ప్రతి క్యాంపులో, ప్రతి ఊళ్ళో డెబ్బై అయిదు దాటిన పెద్దలను ఒక్కొక్కరినీ ఒక గంట రికార్డు చేద్దాం. ముందు వాళ్ళ అనుమతి అడగాలి, బయట పెట్టవద్దన్నది బయట పెట్టకూడదు. కెమెరా కంటే గొంతు ముఖ్యం. ఫ్యాను ఆపి, దగ్గరగా కూర్చోండి.

2. మొదటి నిమిషంలోనే పేరు, ఊరు, తేదీ, రికార్డు చేసినవారి పేరు గొంతుతో చెప్పండి. చీటీ పోయినా గొంతులో ఉంటుంది.

3. పాత ఫోటోలను వెలుతురులో నిలువుగా పట్టి తీసి, పంపేటప్పుడు "డాక్యుమెంట్"గా పంపండి, కుదించబడదు. మూడు ప్రతులు ఉండాలి. ఒకటి ఇంట్లో, ఒకటి సంఘం హార్డ్‌డిస్క్‌లో, ఒకటి వేరే ఊళ్ళో ఉన్న పిల్లల దగ్గర.

4. తయారైన ప్రతి చిన్న వీడియోకు తెలుగుతో పాటు కన్నడ గొంతు కూడా పెడదాం. మన పిల్లల స్నేహితులు, పొరుగువాళ్ళు కూడా వినాలి. మన కథలో వాళ్ళూ ఉన్నారు. 1975లో ఒక ఉపగ్రహానికి సాధ్యమైన పని ఇప్పుడు మన కాలేజీ కుర్రాళ్ళ ఫోనుకు సాధ్యం.

డబ్బు పెద్దగా అక్కర్లేదు. కావలసింది ఓపిక ఉన్న పది మంది యువకులు, ఒక మంచి మైకు, ఒక హార్డ్‌డిస్క్, లెక్కగా రాసుకునే ఒక రిజిస్టరు. వచ్చే సమావేశంలో దీనికి ఒక చిన్న కమిటీ వేయమని కోరుతున్నాను. ఆడపిల్లలు తప్పక అందులో ఉండాలి, ఎందుకంటే మన అవ్వలు, నాన్నమ్మలు మగపిల్లల ముందు చెప్పని సంగతులు చాలా ఉంటాయి.

ఇంకో విన్నపం. 1975-76లో రాయచూరు జిల్లాలో ఏ ఊళ్ళోనైనా ఆ వల గిన్నె కింద కూర్చుని టీవీ చూసినవారు మీ ఇళ్ళలో ఉంటే, ఏ ఊరు, ఎక్కడ పెట్టారు, ఏం చూశారు, ఏ భాషలో విన్నారు అన్నది అడిగి రాయండి. రాయడం కుదరకపోతే వాయిస్ పెట్టండి. మొదటి రికార్డింగు అదే కానిద్దాం.

నమస్కారాలతో,
మీ సంఘం సభ్యుడు